మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పద్నాలుగేళ్ల జీడి చెట్టు ఆకులు పసుపుబారి రాలుతున్నాయి, మొదలు దగ్గర జిగురుతో కలిసిన రంపపు పొట్టు రాలుతోంది. యూరియా వేయమంటున్నారు, వేయాలా? పూత కూడా నల్లబడుతోంది, ఎందుకు?

వేయకండి. పద్నాలుగేళ్ల చెట్టు, ఆకులు పసుపుబారి రాలడం, మొదలు దగ్గర జిగురుతో కలిసిన రంపపు పొట్టు అన్నారు. ఇది కాండం, వేరు తొలిచే పురుగు పని. బెరడు కింద నీరు, ఆహారం వెళ్లే దారులు తెగిపోయాక ఎంత ఎరువు వేసినా పైకి ఎక్కదు.

ముందు ఆ చెట్టు దక్కుతుందో లేదో తేల్చుకోండి. మొదలు చుట్టూ మట్టి తీసి, ఉలితో మెల్లగా బెరడు లేపి చూడండి. లోపల వంకర టింకర సొరంగాలు, వాటినిండా కుక్కినట్టు పొట్టు కనిపిస్తాయి. చుట్టుకొలతలో సగానికి పైగా బెరడు పోయి, ఆకులు కూడా పండిపోయి ఉంటే ఆ చెట్టు మీద ఖర్చు పెట్టడం అనవసరం. వేళ్లతో సహా పెకలించి కాల్చేయండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. కొట్టిన మొద్దును వంటచెరకుకని గట్టు మీదే పేర్చి ఉంచుతారు. లోపల ఉన్న పురుగులు పెంకు పురుగులై బయటికొచ్చి పక్క చెట్లకు ఎక్కుతాయి.

సగం కంటే తక్కువ పోతే చెట్టు బతుకుతుంది. పొట్టు తడిగా, కొత్తగా ఉన్న సొరంగాన్ని పట్టుకుని వెళ్లండి, తెల్లటి పురుగు దొరుకుతుంది. బాగా ముదిరితే మూడంగుళాల దాకా ఉంటుంది. ఒక్కటి దొరికిందని ఆపకండి, ఒకే చెట్టులో చాలా ఉంటాయి. పుచ్చిన బెరడు మాత్రమే చెక్కాలి. పురుగు కోసం మంచి బెరడునూ చుట్టూ చెక్కేస్తే మనమే చెట్టును చంపినట్టు. తర్వాత లీటరు నీటికి క్లోరిపైరిఫాస్ 20 ఇసి 10 మి.లీ. కలిపి, చెక్కిన చోట పూసి, మొదలు తడిసేలా పోయండి. చేతికి తొడుగులు తప్పనిసరి. ఇరవై రోజులకు మళ్లీ చూడండి, కొత్త పొట్టు కనిపిస్తే లోపల ఇంకా ఉన్నట్టే.

మిగతా చెట్లకు నేల నుంచి మీటరు ఎత్తు వరకు 5 శాతం వేపనూనె (లీటరు నీటికి 50 మి.లీ., కాస్త సబ్బు నీళ్లు) పూయండి. జనవరి-ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరు-అక్టోబరులో ఇంకోసారి. తల్లి పురుగు గుడ్లు పెట్టేది ఆ ఎత్తులో ఉన్న బెరడు పగుళ్లలోనే. బయటపడ్డ వేళ్ల మీద కూడా పెడుతుంది. మీది ఉద్దానం అన్నారు కాబట్టి, 2018 తిత్లీ తుపానుకు ఒరిగి వేళ్లు తేలిన చెట్లుంటే ముందు వాటి మొదళ్లు చూసి, వేళ్ల మీద మట్టి కప్పండి.

పూత నల్లబడటం గురించి కూడా అడిగారు. అన్నిటికీ మంచు కొట్టిందనుకోకండి. లేత రెమ్మను దగ్గరగా చూడండి. గోధుమ రంగు పొడవాటి మచ్చ, దాని మీద చిన్న జిగురు బొట్టు ఉంటే అది టీ దోమ, అంటే లేత రెమ్మల రసం పీల్చే పురుగు. లాంబ్డా సైహలోత్రిన్ 5 ఇసి లీటరుకు 0.6 మి.లీ., సాయంత్రం పూట కొట్టండి. పగలు కొడితే తేనెటీగలు పోయి పిక్క కట్టడమే తగ్గుతుంది.