వెన్నెల్లో ఎర్రచీర కనపడదు తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ చదివాను. మనుషులు బాగా కుదిరారు, మాట అచ్చం నెల్లూరు మాట, అందులో వంక పెట్టేదేం లేదు. నాకు అడ్డుపడింది ఒక్కచోటే. మైపాడు బీచిలో అర్ధరాత్రి, చుట్టుపక్కల ఒక్క దీపం లేదు, ఉన్నదల్లా వెన్నెల, అంత దూరాన నడిచొస్తున్న అమ్మాయి కట్టుకున్న ఎర్రచీరనీ దాని ఆకుపచ్చ అంచునీ మీ వాడు గుర్తుపట్టేశాడు. పట్టలేడయ్యా.

మన కంట్లో రంగు చూసేవి శంకు కణాలు, సుమారు 60 లక్షలు, వాటికి మంచి వెలుగు కావాలి. మసకలో పనిచేసేవి దండ కణాలు, సుమారు 12 కోట్లు, వాటికి వెలుగూ నీడా తప్ప రంగు తెలీదు, అందులోనూ ఎరుపంటే దాదాపు గుడ్డివి. నమ్మకపోతే ఇవాళ పొద్దుగూకేటప్పుడు పెరట్లో ఎర్రమందారం ముందు నిలబడి చూడు. మధ్యాహ్నం పువ్వే ముందు కంటబడుతుంది. చీకటి పడేకొద్దీ పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు మాత్రం ఇంకా పాలిపోయినట్టు తేటగా కనిపిస్తూనే ఉంటాయి. 19వ శతాబ్దంలో పుర్కిన్యె అనే చెక్ శాస్త్రవేత్త ఇది గమనించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. అందుకే ఆ అమ్మాయిని నడకతో గుర్తుపట్టించు. చీర ఎర్రదని వాడికి ముందే తెలిసుంటే తెలుసని రాయి, కనపడిందని రాయకు.

రంగు పేరు రాసేముందు నువ్వు ఆగి అడగాల్సింది ఇదే: ఎవరి కన్ను, ఏ వెలుగు. ఈ సంగతి మన ఆడవాళ్లకి రచయితలకంటే బాగా తెలుసు. బట్టల కొట్లో వెంకటగిరి చీర మీదికి మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ ఎంచుకునేటప్పుడు చూడు, ట్యూబ్‌లైటు కింద రెండూ ఒకటే రంగు, అయినా నమ్మరు, రెండూ పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి ఎండలో తిప్పి చూస్తారు, అక్కడ తేడా బయటపడుతుంది. వాళ్లది చాదస్తం కాదు. మనకున్న శంకు కణాలు మూడే రకాలు, ఎన్ని తరంగదైర్ఘ్యాలు కలిసొచ్చినా కన్ను మూడు కొలతలుగానే తీసుకుంటుంది, కాబట్టి రెండు వేరువేరు అద్దకాలు ఒక వెలుగులో ఒకేలా కనపడి ఇంకో వెలుగులో విడిపోతాయి. కొట్టు సీను రాస్తే ఆ గుమ్మం దాకా నడక వదిలిపెట్టకు, మనిషి మొత్తం అందులో దొరుకుతుంది.

నీ తేనెటీగ కూడా ఎర్రపువ్వు రంగుకి మోజుపడి వాలకూడదు. దానికి ఎరుపు సరిగ్గా ఆనదు, మనకు కనపడని అతినీలలోహితం మాత్రం కనపడుతుంది.

ఇక ఎవరి కన్ను అనేది. యూరప్ మూలాలున్న మగవాళ్లలో నూటికి 8 మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలీదు, మన దగ్గర కొంత తక్కువంటారు. కథల్లో మాత్రం అట్టాంటి మనిషి కనపడడు, నాకది పెద్ద లోటనిపిస్తుంది. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ ఆ కోవ మనిషే. పగలు తన కంటికి నీలంగా కనపడిన జెరేనియం పువ్వు కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా మారిపోయిందని ఆయనకు తోచింది. మిగతావాళ్లని అడిగితే, ఆయన అన్నకి తప్ప ఇంకెవరికీ అట్టా కనపడలేదు. అప్పుడు తేడా తన కంట్లో ఉందని గ్రహించి 1794లో మాంచెస్టర్‌లో అందరి ముందూ చెప్పాడు. తన కంట్లో ద్రవం నీలంగా ఉండుంటుందని ఆయన ఊహ. పోయాక కళ్లు పరీక్షించమన్నాడు, 1844లో పరీక్షిస్తే ద్రవం తేటగానే ఉంది, దాచిపెట్టిన కంటి ముక్కలోంచి అసలు కారణం 1995లో డీఎన్ఏ చెప్పింది. ఆయన ఊహ తప్పిపోయినా, తనకు ఏది ఎట్టా కనపడిందో రాసిన తీరు మాత్రం ఈరోజుకీ పనికొస్తోంది. నువ్వూ ముందు ఆ పని చెయ్యి.

మీ అమ్మమ్మకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయిందన్నావు కదా. వయసుతో కంటి కటకం పసుపెక్కి నీలాన్ని మింగేస్తుంది, కొత్త లెన్సు పెట్టాక తెలుపు తెల్లగా, ఒక్కోసారి కాస్త నీలంగా కనపడుతుంది. కొన్నాళ్లకి అలవాటు పడిపోతే ఆమెకే గుర్తుండదు. ఒక కన్ను మార్చి ఒక కన్ను మూసి, అదే తెల్లచీరని, అదే గోడని చూసి చెప్పమను, ఆమె అన్న మాట అన్నట్టే రాసుకో. రెండో కంటికి చేయించకముందే వెళ్లు.

మీ అన్న
ఒంగోలు