ఏ క్రౌడ్‌ఫండింగ్ ప్రాజెక్టుకు డబ్బు పెట్టవచ్చు?

క్రౌడ్‌ఫండింగ్‌లో, అంటే చాలామంది దగ్గర ముందే కొంత కొంత డబ్బు తీసుకుని వస్తువు తయారుచేసే పద్ధతిలో, రెండు గాడ్జెట్ ప్రాజెక్టులు నచ్చాయి, దేనికి డబ్బు పెట్టాలో తేలడం లేదన్నారు కదండీ. వీడియో ఎంత బాగుందన్నది పక్కన పెట్టి, పనిచేసే నమూనా చూపించారా లేదా అన్నది ముందు చూడండి. కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో వస్తువులు తయారుచేసేవాళ్లు నమూనా చూపించడం తప్పనిసరి. అచ్చం ఫొటోలా కనిపించే కంప్యూటర్ బొమ్మలు పెట్టకూడదు. వస్తువు పనిచేయడం వీడియోలో ఒక్కసారైనా స్పష్టంగా కనిపించకపోతే నేనైతే వదిలేస్తాను.

అసలు కష్టం లెక్కల దగ్గర వస్తుంది. 2014లో కూలెస్ట్ కూలర్ అనే ఐస్‌బాక్స్ ప్రాజెక్టుకు కోటీ ముప్పై లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. అయినా వేలమందికి వస్తువు అందకుండానే 2019లో ఆ కంపెనీ మూతపడింది. తయారీ, రవాణా ఖర్చులకు సరిపోని ధర పెట్టడం అందులో పెద్ద పొరపాటు. అందుకే మరీ చవగ్గా ఇస్తామంటే నాకు అనుమానమే. అడిగిన మొత్తం అచ్చులకు, విడిభాగాలకు, రవాణాకు సరిపోతుందా అని ఆలోచించండి.

లక్ష్యం చేరకపోయినా వచ్చినంత డబ్బు తీసుకునే పద్ధతి అయితే ఇంకా జాగ్రత్త. సగం డబ్బుతో పూర్తి వస్తువు ఎలా చేస్తారు?

ప్రాజెక్టు నడిపే బృందం పాత ప్రాజెక్టుల కింద కామెంట్లు కూడా చదవండి. ఆలస్యం మామూలే, కానీ నెలల తరబడి జవాబే ఇవ్వకపోతే టెన్షన్ పడాల్సిందే. ఇద్దరికీ ఒకటే ప్రశ్న పంపండి: తయారీ ఎవరు చేస్తున్నారు, ఒప్పందం అయిందా? సూటిగా చెప్పినవాళ్ల వైపే మొగ్గండి.