నురగ వచ్చినంత మాత్రాన క్రిములు చచ్చినట్టు కాదు

ప్రశ్న: మాది హన్మకొండ, నా వయసు 44. షుగర్ ఉంది. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. చిగుళ్ల జబ్బు క్రిములకు గాలి పడదంటే నెల రోజులుగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పుక్కిలిస్తున్నాను. నురగ బాగా వస్తోంది కానీ రక్తం ఆగడం లేదు. ఎందుకు?

జవాబు: ఆ నురగ మీ రక్తంలోని కాటలేజ్ ఎంజైమ్ పెరాక్సైడ్‌ను నీరు, ఆక్సిజన్‌గా విడగొడితే వచ్చేది. క్రిములు చస్తున్నాయనడానికి అది గుర్తు కాదు.

ఈ జబ్బులో ముఖ్యమైన క్రిమి పార్ఫిరోమోనాస్ జింజివాలిస్. దానికి ఆక్సిజన్ పడదు, నిజమే. కాటలేజ్ కూడా లేదు. అయినా తట్టుకుంటుంది. ఆక్సిజన్ తగిలితే ఆక్సీఆర్ అనే నియంత్రణ ప్రోటీన్ ద్వారా ఎస్‌ఓడీ జన్యువు జోరందుకుంటుంది; దాని నుంచి తయారయ్యే ఎంజైమ్, ఆక్సిజన్ వల్ల పుట్టే హానికరమైన సూపర్‌ఆక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్ పని ఏహెచ్‌పీసీ, రుబ్రెరిత్రిన్ అనే ప్రోటీన్లు పడతాయి. డీపీఎస్ ప్రోటీన్ డీఎన్‌ఏను అంటిపెట్టుకుని కాపాడుతుంది. ఇంకా మొండి సంగతి: మీ చిగుళ్ల రక్తంలోని హీమ్‌నే (ఇనుము ఉండే పదార్థాన్నే) అది ఒంటికి నల్లగా పూసుకుంటుంది, ఆ పూత కూడా పెరాక్సైడ్‌ను విరిచేస్తుంది. అంటే రక్తం కారినన్నాళ్లూ దానికి తిండీ మీరే, డాలూ మీరే. పైగా పుక్కిలించిన నీళ్లు పంటికీ చిగురుకీ మధ్య ఉండే సందు అడుగుదాకా చేరవు.

కాబట్టి పెరాక్సైడ్ ఆపేయండి. మెడికల్ షాపుల్లో దొరికే సీసాల్లో 6 శాతంవి ఉంటాయి. నీళ్లు కలపకుండా వాడితే చిగురు కాలి తెల్లబడుతుంది.

చిగుళ్ల నిపుణుల దగ్గర సందుల లోతు కొలిపించుకోండి. 3 మిల్లీమీటర్ల వరకు మామూలే. 4, ఆపైన ఉండి రక్తం వస్తుంటే స్కేలింగ్‌తో (క్లీనింగ్‌తో) పాటు మత్తు సూది ఇచ్చి వేరు మీది గార కూడా గీకించాలి. క్రిముల పొర చెదిరేది అలాగే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని భయపడేవాళ్లు మన దగ్గర చాలామంది. పంటిని పట్టుకునే ఎముక అప్పటికే అరిగిపోయి ఉంటుంది, గార అడ్డుగా ఉండి ఆ కదలికను దాచిపెడుతుంది, అంతే.

తర్వాత 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మౌత్‌వాష్) 10 మిల్లీలీటర్లతో పూటకు 1 నిమిషం, రోజుకు రెండుసార్లు పుక్కిలించండి, 2 వారాలే. ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి. పేస్టుతో తోముకున్నాక అరగంట ఆగి వాడాలి, లేదంటే పేస్టులోని నురగ పదార్థం దాన్ని పనిచేయనివ్వదు. రాత్రి పళ్ల సందుల్లో ఇంటర్‌డెంటల్ బ్రష్ తప్పనిసరి.

గత రెండు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇప్పుడే చేయించండి. షుగర్ అదుపు తప్పితే చిగురు మానదు, చిగురు వాపు తగ్గకపోతే షుగరూ సరిగా దిగదు. సందుల లోతు 2, 3 నెలల తర్వాత మళ్లీ కొలిపించాలి. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే డాక్టర్‌కు చెప్పండి. పొగతాగేవాళ్లలో రక్తం తక్కువగా కనిపించి జబ్బు లోలోపలే ముదురుతుంది.

మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు, గీకించకుండా అవి ఆ పొరలోకి సరిగా దిగవు. డాక్టర్ రాసిస్తే, కోర్సు అయ్యాక కూడా 3 రోజులపాటు మద్యం, కల్లు రెండూ ముట్టుకోకండి.