థర్మల్ సిమ్యులేషన్ కోర్సుకు డబ్బు కట్టే ముందు

ప్రశ్న: అనంతపురంలో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. గాలి, వేడి ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే యాన్సిస్ ఫ్లూయెంట్ సాఫ్ట్‌వేర్ కొంత నేర్చుకున్నాను. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో నా హీట్ సింక్ (చిప్పు వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు భాగం) ప్రాజెక్టు చూసి, ‘దీని నుంచి ఎన్ని వాట్ల వేడి బయటికి పోతోంది?’ అని అడిగారు. రంగుల బొమ్మ చూపించగలిగాను గానీ అంకె చెప్పలేకపోయాను. బెంగళూరులో ఆరు నెలల కోర్సులో చేరాలా?

జవాబు: ఇప్పుడే చేరకండి. మీకు కొరవడింది కొత్త సాఫ్ట్‌వేర్ కాదు, చేతిలో ఉన్నదాన్ని నిలదీసే అలవాటు. దానికి మీ కాలేజీ ల్యాబ్, హీట్ ట్రాన్స్‌ఫర్ పాఠ్యపుస్తకం చాలు.

మిమ్మల్ని అడిగిన ప్రశ్న ఆ ఉద్యోగానికి ప్రాణం. ఫ్యాను ఎంత పెద్దది కావాలో, హీట్ సింక్‌కు ఎన్ని రెక్కలు పెట్టాలో తేల్చేది వాట్లే. సాఫ్ట్‌వేర్ గోడ మీద ఒక్కో చోట చదరపు మీటరుకు ఎన్ని వాట్లో లెక్కగడుతుంది. దాన్ని ఉపరితలమంతటా కూడితే మొత్తం రేటు వస్తుంది. ఫ్లూయెంట్‌లో ఫ్లక్స్ రిపోర్టు తెరిచి టోటల్ హీట్ ట్రాన్స్‌ఫర్ రేట్ ఎంచుకోండి. ఒక్క గోడతో ఆగకుండా సరిహద్దులన్నీ చేర్చండి. స్థిర స్థితిలో, అంటే ఉష్ణోగ్రతలు ఇక మారనప్పుడు, లోపల పుట్టిన వేడి, బయటికి పోయిన వేడి సరిపోవాలి. పది వాట్ల చిప్పు పెట్టి ఏడు వాట్లే బయటికి వస్తుంటే పరిష్కారం ఇంకా కుదురుకోలేదనో, ఎక్కడో సరిహద్దు తప్పు ఇచ్చారనో అర్థం. రెండు వైపులా ఒకేలా ఉందని సగం మోడలే గీసినప్పుడు వచ్చిన అంకెను రెట్టింపు చేయడం మరిచిపోయేవాళ్లు చాలామంది.

ఇంకొక ఉచ్చు ఉంది. ఫ్లూయెంట్ చూపే ఉపరితల ఉష్ణ బదిలీ గుణకం (ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు ఎన్ని వాట్లు పోతాయో చెప్పే అంకె), మీరిచ్చిన రిఫరెన్స్ ఉష్ణోగ్రత మీద, అంటే ఆ తేడాను ఎక్కడి నుంచి కొలవాలో చెప్పే విలువ మీద ఆధారపడుతుంది. మార్చకపోతే అది 288.16 కెల్విన్, అంటే దాదాపు 15 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం అనంతపురం గాలికి ఆ విలువ వాడితే గుణకం అర్థం లేనిదవుతుంది. వాట్ల లెక్క మాత్రం దానివల్ల మారదు. ఈ తేడా ఇంటర్వ్యూలో వివరించగలిగితే మిమ్మల్ని తేలిగ్గా తీసుకోరు.

ముందు కాగితం మీద ఒక లెక్క చేయండి. 15 సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబు, పైన 60 డిగ్రీలు, కింద 40. ఉష్ణ వాహకత మీటరుకు, కెల్విన్‌కు 1.5 వాట్లు అనుకుంటే చదరపు మీటరుకు 200 వాట్లు. సాఫ్ట్‌వేర్ కూడా అదే చెప్పాలి. చెప్పే వరకు పెద్ద మోడల్ జోలికి వెళ్లవద్దు.

తర్వాత మన సీమ ఎండనే ప్రాజెక్టు చేసుకోండి. ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న ప్రాంతం మనది. కాలేజీ మేడ మీద ఒక సోలార్ ప్యానెల్ వెనుక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అతికించి ఉష్ణోగ్రత, ఎండ తీవ్రత, గాలి వేగం నమోదు చేయండి. చదరపు మీటరు మీద 1000 వాట్ల ఎండ పడితే సుమారు ఐదో వంతు కరెంటు అవుతుంది, కొంత ప్రతిఫలిస్తుంది, మిగిలిందంతా వేడిగా పోవాల్సిందే. ప్యానెల్ 60 డిగ్రీలు, పరిసరాలు 38 ఉంటే ఒక్కో వైపు నుంచి చదరపు మీటరుకు దాదాపు 150 వాట్లు రేడియేషన్‌గానే పోతాయి. గాలికి పోయేదే లెక్కవేసి దీన్ని వదిలేశారంటే మోడల్‌లో ప్యానెల్ నిజంగా ఉన్నదానికంటే వేడిగా కనిపిస్తుంది. మీరు కొలిచిన ఉష్ణోగ్రతకూ సాఫ్ట్‌వేర్ చెప్పినదానికీ ఎంత తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో రాయండి. తేడా దాచకండి, ఇంటర్వ్యూ చేసేవారు ముందుగా చదివేది ఆ పేజీనే. మెష్‌ను, అంటే లెక్క కోసం మోడల్‌ను విడగొట్టిన చిన్న గడులను, రెండుసార్లు సన్నం చేసి వాట్లు ఎంత మారాయో కూడా పట్టికగా ఇవ్వండి.

ఖర్చు గురించి బెంగ వద్దు. యాన్సిస్ విద్యార్థి వెర్షన్ మెష్ పరిమితితో ఉచితం, అలాంటి పనే చేసే ఓపెన్‌ఫోమ్ పూర్తిగా ఉచితం. గేట్ రాసినా హీట్ ట్రాన్స్‌ఫర్ సిలబస్‌లో ఉంది, కాబట్టి ఈ శ్రమ రెండు విధాలా పనికొస్తుంది.

ఈ నివేదికను జతచేసి బెంగళూరు, హైదరాబాద్, పుణె సంస్థలకు దరఖాస్తు చేయండి. అప్పటికీ పిలుపు రాకపోతే కోర్సు ఆలోచన చేయవచ్చు. ఫీజు కట్టే ముందు మాత్రం వారి పాత విద్యార్థుల ప్రాజెక్టు ఒకటి చూపించమని అడగండి. అందులో కొలతలతో పోల్చిన పేజీ లేకపోతే వెనక్కి వచ్చేయండి.