ముందొచ్చిన పడవకే పెద్ద కప్పు ఎందుకివ్వరు?

ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి హోబార్ట్ దాకా జరిగే తెరచాప పడవల పందెంలో ముందొచ్చినవాళ్లకి ఒక కప్పు, ఇంకెవరికో పెద్ద కప్పు ఇస్తారు, ఇదేం లెక్క అని అడిగారు.

మాది కళింగపట్నం వైపు. పెద్ద తెరచాప నావనీ, ఇద్దరెక్కే తెప్పనీ ఒకే పందెంలో దింపితే ఎవరు ముందొస్తారో మా బీచిలో పల్లీలమ్మే పిల్లాడైనా చెబుతాడు. అందుకే ఈ 628 నాటికల్ మైళ్ల (సుమారు 1,163 కి.మీ.) పందెంలో పడవ పొడవు, బరువు, తెరచాపల కొలతలు చూసి ప్రతిదానికీ ఒక గుణకం ఇస్తారు. పట్టిన సమయాన్ని దాంతో హెచ్చిస్తారు. ఉదాహరణకి పెద్దది 50 గంటల్లో వచ్చింది, గుణకం 1.8 అనుకోండి: లెక్కకి 90 గంటలు. చిన్నదానికి 80 గంటలు పట్టింది, గుణకం 1.1: లెక్కకి 88. లెక్కకి తక్కువ గంటలు వచ్చినవాళ్లదే గెలుపు కాబట్టి పెద్ద కప్పు, అంటే టాటర్‌సాల్ కప్పు, చిన్నదానిదే!

ముందుగా గీత దాటినవాళ్లకి ఇల్లింగ్‌వర్త్ కప్పు. రేవులో జనం, కెమెరాలు, హడావుడి అంతా వీళ్ల చుట్టూనే. అసలు విజేత తేలాలంటే మాత్రం వెనకొచ్చే చిన్న పడవల కోసం ఆగాలి. ముందొచ్చినవాళ్లు స్నానాలు చేసి, తిని, ఓ కునుకు తీసినా ఇంకా తేలకపోవచ్చు. పైగా హోబార్ట్ ముందున్న డెర్వెంట్ నదిలో రాత్రిపూట గాలి పడిపోవడం మామూలే. కప్పు చేతికందినట్టే ఉన్న పడవ, ఊరి దీపాలు కనిపిస్తుండగా కదలక నిలబడిపోతుంది.