‘మనసు పెట్టడం లేదు’ అనే ముందు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 62. పట్టు నేత మీదే ఇల్లు నడిపారు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా తడబడుతోంది. ప్రాణాపాయం తప్పాక ఆసుపత్రిలోనే ఉంచి రోజూ ఫిజియోథెరపీ చేయిస్తున్నారు. ఆ గదిలోకి తీసుకువెళ్ళగానే ముఖం పక్కకు తిప్పుకుంటారు, చెయ్యి ఎత్తమంటే ఎత్తరు. ‘పేషెంటుకే మనసు లేకపోతే మేమేం చేస్తాం’ అని అక్కడివారు విసుక్కుంటున్నారు. ఠాకురాణి జాతర నాటికి నడవాలి కదా అని మేము బతిమాలుతున్నాం, ఒక్కోసారి కోప్పడుతున్నాం. ఆయనకు పట్టుదల కలిగించడం ఎలా? మూడు నెలలు దాటితే ఇక మెరుగుదల ఉండదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: అమ్మా, మనసు లేదన్న మాటను కొన్నాళ్లు పక్కన పెట్టండి. అది మా వైద్యరంగంలో వారికి చాలా సౌకర్యమైన మాట. రోగి కోలుకుంటే చికిత్స గొప్పదవుతుంది, కోలుకోకపోతే రోగి మొండివాడవుతాడు. పట్టుదల పుట్టుకతో వచ్చే గుణమైతే, నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చుని పట్టు నేసిన మనిషికి అది లేదనడం ఎలా?

ముందుగా రెండు సంగతులు తేల్చుకోవాలి. పక్షవాతం వచ్చినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరిని కుంగుబాటు పట్టుకుంటుంది. మాట సరిగా రానివారు దాన్ని చెప్పుకోలేరు కనుక, నిద్ర, ఆకలి తగ్గడం, ఊరికే కన్నీళ్లు రావడం, ఇష్టమైనవారు వచ్చినా చూడకపోవడం వంటివి గమనించి డాక్టరుకు మీరే చెప్పాలి. దీనికి మందులున్నాయి. మెదడులో దెబ్బ తిన్న చోటును బట్టి ఏ పనీ మొదలుపెట్టాలనిపించని స్థితి కూడా ఏర్పడవచ్చు, అది కుంగుబాటూ కాదు, సోమరితనమూ కాదు.

రెండోది భాష. కుడివైపు పడిపోయి మాట తడబడుతున్నదంటే, దెబ్బ సాధారణంగా మెదడు ఎడమ భాగంలో తగిలి ఉంటుంది, మాటను అర్థం చేసుకునే శక్తి కూడా కొంత తగ్గి ఉండవచ్చు. రెండు భాషలు వచ్చినవారిలో ఆ రెండూ ప్రతిసారీ సమానంగానే తిరిగి వస్తాయని లేదు. మీ నాన్నగారు బజారులో ఒడియా ఎంత ధారాళంగా మాట్లాడి ఉన్నా, ఇప్పుడు ‘హాత టెక’ (చెయ్యి ఎత్తు) అంటే ఆయనకు అందకపోవచ్చు, అదే మాట తెలుగులో నెమ్మదిగా చెప్పి, మీ చెయ్యి ఎత్తి చూపిస్తే అందవచ్చు. ఒకసారి ఆ గదిలో మీరు పక్కన నిలబడి, ప్రతి సూచననూ ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పి చూడండి. అర్థం కానివాణ్ణి ఎంత బతిమాలినా ప్రయోజనం లేదు.

ఇక పట్టుదల విషయానికి వస్తాను. లండన్‌లోని ఒక ఆసుపత్రిలో పక్షవాతానికి పునరావాస చికిత్స పొందుతున్న 22 మందితో పరిశోధకులు వివరంగా మాట్లాడి, ఆ ఫలితాలను 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. సిబ్బంది ‘ఉత్సాహవంతులు’ అన్నవారూ, ‘ఉత్సాహం లేనివారు’ అన్నవారూ ఇద్దరూ చికిత్స ముఖ్యమనే అన్నారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఈ వ్యాయామం ఎందుకో, నర్సులు రోగి పనిని రోగిచేతే ఎందుకు చేయిస్తున్నారో మొదటివారికి ఎక్కువగా తెలుసు, కోలుకోవడంలో తమకూ పాత్ర ఉందని వారు భావించారు. ఇంటికి వెళ్ళాలన్న కోరిక, తమలాంటివారి కంటే మెరుగ్గా ఉన్నామన్న తృప్తి ఊతమిచ్చాయి. ఒకరొక మాట, మరొకరొక మాట చెప్పడం, ఇంటివారూ సిబ్బందీ అతిగా కాపాడటం వెనక్కు లాగాయి.

ఆ చివరి మాట మన ఇళ్లకు బాగా వర్తిస్తుంది. మంచం దగ్గరే ముద్దలు కలిపి నోట్లో పెట్టడం, బొత్తాలు పెట్టడం, తల దువ్వడం అంతా ప్రేమే, కాదనను. కానీ రోజుకు అరగంట వ్యాయామంలో ‘నువ్వు చేయగలవు’ అని చెప్పి, మిగిలిన పొద్దంతా ‘నువ్వు చేయలేవు’ అని చేతలతో చెబుతున్నాం. ఎడమచేత్తో తినడం తప్పని పెరిగిన మనిషి నలుగురిలో తినడానికి సిగ్గుపడుతున్నారేమో చూడండి. అలాగైతే తెర వేసి, చెంచా ఇచ్చి, కంచం జారకుండా కింద తడిగుడ్డ పరిచి, ఆయన్నే తిననివ్వండి. సగం ఒలికినా ఫరవాలేదు.

జాతర సంగతి నొప్పించకుండా చెబుతాను. రెండేళ్లకోసారి అమ్మవారు దేశిబెహరా వీధిలోని పుట్టింటికి రావడం మీ ఊరందరికీ పండగే. అయితే అక్కడికి నడిచి వెళ్ళాలన్నది మీ కోరికా, ఆయన కోరికా? ఇన్నాళ్లూ తలెత్తుకు తిరిగిన వీధిలో కాలు ఈడుస్తూ కనిపించడం ఆయనకు ఇష్టం లేకపోవచ్చు. గుణుపురం వైపునుంచి వచ్చిన ఒక పెద్దామెకు నేను చికిత్స చేశాను. కుర్చీలోంచి ముప్పైసార్లు లేవమంటే మూడుసార్లు లేచి కళ్ళు మూసుకునేది. ఇంటికి వెళ్ళాక ముందుగా ఏం చేయాలని ఉందని అడిగితే, గుడి కాదు, మనవడి పెళ్ళి కాదు, ‘రాత్రిపూట కోడల్ని లేపకుండా దొడ్లోకి వెళ్ళిరావాల’ అంది. ఆ దొడ్డికి రెండు మెట్లున్నాయట. చెక్కపెట్టెలు రెండు తెప్పించి అదే ఎత్తున మెట్లు పేర్చాం, దారి ఎన్ని అడుగులో ఆమె కొడుకును అడిగి గచ్చు మీద సుద్దతో గీత గీశాం. మర్నాటి నుంచి మేము వెళ్ళకముందే చెప్పులు వేసుకుని కూర్చునేది.

మీ నాన్నగారికి అలాంటి కోరిక ఏదో ఆయన్నే అడగాలి. మాట రాదు కనుక వస్తువులు ముందు పెట్టండి: నాడె (మగ్గంలో అటూ ఇటూ తిరిగేది), ఖాళీ కండె (దారం చుట్టే గొట్టం), చొక్కా, టీ గ్లాసు, వీధి అరుగు ఫోటో. దేనివైపు చూపు నిలుస్తుందో, చెయ్యి వెళ్తుందో గమనించి ఫిజియోథెరపిస్టుకు చెప్పండి. కండెను పట్టడం, తిప్పడం, వదలడం కూడా వేళ్ళకు వ్యాయామమే, రబ్బరు బంతి కంటే తక్కువేమీ కాదు. మళ్ళీ మునుపటిలా నేస్తారని మాత్రం ఇప్పుడే మాట ఇవ్వకండి. తప్పిన మాట తర్వాత ఇంకెవరి మాటా నమ్మరు.

మూడు నెలల సంగతి. మొదటి నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుందన్నది నిజం, ఆ తర్వాత ఆగిపోతుందన్నది నిజం కాదు. అమెరికాలో 222 మందితో జరిపి 2006లో వెలువరించిన ఎక్సైట్ పరీక్షలో, పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవారికి బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాలపాటు బలహీనమైన చేతితోనే పనులు చేయించగా ఆ చేతి వాడకం మెరుగుపడింది. మణికట్టు, వేళ్ళు కొంతైనా కదిలేవారినే అందులో తీసుకున్నారు, కనుక డాక్టరును అడగకుండా ఇంట్లో చేయి కట్టేయకండి.

ప్రశ్న: రోడ్డు ప్రమాదంలో మా అబ్బాయి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. 19 ఏళ్లు. మోకాలు వంచనివ్వడు. రోజూ వంచితే కొత్త బైకు కొంటామని వాళ్ల నాన్న ఆశ పెట్టారు. ఇది మంచిదేనా?
– ఒక తల్లి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: బైకు మీద పడినవాడికి బైకే బహుమతి! ఆశ రెండు రోజులు పనిచేస్తుంది. పజిల్ విప్పినందుకు డబ్బు ఇచ్చి, తర్వాత ఆపేస్తే, విద్యార్థులకు దాని మీద ఆసక్తి తగ్గిందని మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ 1971లోనే చూపించారు. మీవాడికి లోపించింది ఆశ కాదమ్మా, ధైర్యం. వంచితే లోపల వేసిన రాడ్డు విరిగిపోతుందని ఈ వయసువారు చాలామంది భయపడతారు, పైకి చెప్పరు. సర్జన్ చేత ఎక్స్‌రే చూపించి, ఎంతవరకు వంచవచ్చో వాడికే నేరుగా చెప్పించండి. వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర వేయవచ్చేమో, ఎంత ముందు వేయాలో అడగండి. ఏ పూట చేయాలో, ఎప్పుడు ఆపాలో వాడినే నిర్ణయించనివ్వండి, మోకాలు ఎంత వంగిందో కొలిచి గోడ క్యాలెండరు మీద వాడిచేతే రాయించండి.