అవిసెలో ఒమేగా-3 తగ్గింది, విత్తనం చెడిందా?

ప్రశ్న: అవిసె గింజల పంటను ఒకే విత్తనంతో రెండు మడుల్లో వేశాను. రెండో మడి 40 రోజులు ఆలస్యమైంది. మొదటి మడి గింజలో నూనె 39 శాతం, ఆ నూనెలో ఒమేగా-3 56 శాతం వచ్చింది. రెండో మడిలో నూనె 33, ఒమేగా-3 47 శాతమే. మూడేళ్లుగా ఇంటి విత్తనమే వాడుతున్నాను కాబట్టి ఒమేగా-3 జన్యువు బలహీనపడిందేమో అనిపిస్తోంది. డీలరు మాత్రం జింకు లోపం అన్నాడు. ఒమేగా పెంచుతుందంటూ ఒక మందు రెండో మడిలో మూడుసార్లు కొట్టించాడు. విత్తనం మార్చాలా, మందు మార్చాలా?

సలహా: రెండూ మార్చనక్కర్లేదు. మార్చాల్సింది విత్తే తేదీ.

మీ అనుమానానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఒకే సంచిలోని విత్తనం రెండు మడుల్లోనూ పడింది. జన్యువు చెడి ఉంటే మొదటి మడిలో 56 శాతం ఎలా వచ్చింది? అవిసె చాలావరకు స్వపరాగ సంపర్కం జరుపుకునే పంట, అంటే తన పుప్పొడితోనే గింజ కడుతుంది. వేరే రకం గింజలు కలవకుండా చూసుకుంటే మూడేళ్లలో ఇంత తేడా రాదు. నిజంగా జన్యువు చెడితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో అలన్ గ్రీన్ అనే శాస్త్రవేత్త రసాయనంతో ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో మార్పులు) తెప్పించి, ఒమేగా-3 తయారీకి ముఖ్యమైన రెండు జన్యువులూ పనిచేయని అవిసెను తయారుచేశారు. ఆ పని 1986లో ప్రచురితమైంది. ఆ గింజల నూనెలో ఒమేగా-3 రెండు శాతం దగ్గరే ఆగిపోయింది. మీకు 47 వచ్చింది. అంటే జన్యువులు ఉన్నాయి, పని తగ్గింది.

ఆ పని ఎప్పుడు జరుగుతుందో తెలుసుకోవాలి. గింజలో నూనెకు ముడిసరుకైన 18 కర్బనాల గొలుసు ముందు ద్విబంధాలు (రెండు కర్బనాల మధ్య జంట బంధాలు) లేకుండా తయారవుతుంది. ఒక ఎంజైము (రసాయన మార్పులు చేసే ప్రోటీను) మొదటి ద్విబంధం పెడితే అది ఒలియిక్ ఆమ్లం. ఫ్యాడ్-2 అనే ఎంజైము రెండోది పెడితే లినోలియిక్, ఫ్యాడ్-3 అనే ఎంజైము మూడోది పెడితే ఆల్ఫా లినోలెనిక్. మీరు ఒమేగా-3 అంటున్నది ఈ చివరిదాన్నే. ఫ్యాడ్-3ను తయారుచేయించే జన్యువులు మొక్క బతికినంత కాలం ఒకే జోరున పనిచేయవు. పువ్వు విచ్చిన మొదటి వారం పది రోజులు పిండం, గింజ పొర తయారవడంతోనే సరిపోతుంది. ఆ తర్వాత నూనె పట్టడం మొదలవుతుంది. ఫ్యాడ్-3 జన్యువుల పని 20వ రోజు చుట్టుపక్కల బాగా ఉధృతంగా ఉంటుంది, గింజ ముదిరేకొద్దీ తగ్గిపోతుంది. పువ్వు విచ్చిన పదో రోజు నుంచి నెల రోజుల వరకు మడిలో ఎంత వేడి ఉందన్నదే మీ నూనె రాతను చాలావరకు నిర్ణయిస్తుంది. ఆలస్యంగా వేసిన రెండో మడికి ఆ రోజులు ఎండల్లో పడి ఉంటాయి.

చల్లగా ఉంటే మూడో ద్విబంధం ఎక్కువ గొలుసులకు పడుతుంది. వేడెక్కితే చాలా గొలుసులు ఒలియిక్ దగ్గరే ఆగిపోతాయి. ఫ్యాడ్-3 ప్రోటీను వేడిలో త్వరగా విరిగిపోతుందని ఈస్ట్ కణాల్లో చేసిన ప్రయోగాల్లో కనిపించింది. కాబట్టి జన్యువు ఆదేశం ఇస్తున్నా పనివాడు నిలవకపోవచ్చు. మీ రిపోర్టులో ఒలియిక్ అంకె చూడండి. రెండో మడిలో అది పెరిగి ఉంటే అనుమానమే అక్కర్లేదు. ఆ అంకె మీరు రాయలేదు, పూత తేదీ కూడా రాయలేదు. మందు ఎన్నిసార్లు కొట్టారో మాత్రం రాశారు!

నష్టం మీరనుకున్నదానికంటే పెద్దది. మొదటి మడిలో వంద గ్రాముల గింజకు సుమారు 22 గ్రాముల ఒమేగా-3 ఉంది. రెండో మడిలో 15.5 గ్రాములే. నూనే తగ్గింది, ఆ నూనెలో ఒమేగా వాటా కూడా తగ్గింది. రెండు దెబ్బలూ వేడివే.

ఇక జింకు సంగతి. అవిసెకు జింకు లోపం వస్తుంది, కాదనను. కానీ అది లేత మొక్క గిడసబారడంలో, ఆకుల మీద మచ్చల్లో, కొస ఎండిపోవడంలో కనిపిస్తుంది. నూనె రిపోర్టు చూసి జింకు లోపం చెప్పగలిగినవాడు నాకింతవరకు తగల్లేదు. ద్విబంధాలు పెట్టే ఈ ఎంజైముల్లో ఉండే లోహం ఇనుము, జింకు కాదు. ఈ మాట మీ డీలరు చెవిన వేయకండి, రేపు ఇనుము సీసా పట్టుకొస్తాడు. ఆకు మీద కొట్టింది గింజలోకి వెళ్లి ఏ జన్యువునూ తట్టిలేపదు. సీసా మీద ఒమేగా అని రాసి ఉన్నంత మాత్రాన నూనెలో ఒమేగా పెరగదు. అదే డబ్బుతో భూసార పరీక్ష చేయిస్తే మూడేళ్లు పనికొచ్చేది. పరీక్షలో జింకు కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటేనే హెక్టారుకు 25 కిలోల జింకు సల్ఫేటు (ఎకరాకు 10 కిలోలు) ఆఖరి దుక్కిలో వేయండి. భాస్వరం ఎరువుతో కలపవద్దు. అంతకుమించి జింకు అక్కర్లేదు.

వచ్చే పంటకు ఇలా చేయండి. మీ రకానికి విత్తిన ఎన్ని రోజులకు పూత వస్తుందో మొదటి మడి లెక్క మీ దగ్గరే ఉంటుంది. పూత మొదలైనప్పటి నుంచి నెల రోజులు చల్లటి వాతావరణంలో పడేలా విత్తే తేదీని వెనక్కి లెక్కించండి. పూత, కాయ దశల్లో పగటి వేడి 32 డిగ్రీలు దాటి, నేల కూడా ఎండిపోతే దిగుబడి, నూనె రెండూ పడిపోతాయి. నీటి వసతి ఉంటే పూతకు ఒక తడి, గింజ పాలుపోసుకునే దశలో ఒక తడి ఇవ్వండి. మొగ్గ వచ్చాక యూరియా వేయకండి. నత్రజని ఎక్కువైతే గింజలో మాంసకృత్తులు పెరిగి నూనె తగ్గుతుంది. నాలుగింట మూడొంతుల కాయలు గోధుమ రంగుకు తిరిగాకే కోయండి. తేమ 9 శాతం లోపుకు వచ్చాకే నిల్వ చేయండి.

పరీక్షకు పంపేటప్పుడు రెండు మడుల గింజలు కలపొద్దు. ఒక్కో మడిలో పది పదిహేను చోట్ల నుంచి తీయండి. గింజలు పగలగొట్టకుండా పంపండి. పగిలితే ముందు పాడయ్యేది ఒమేగా-3యే. నూనెలోని ఆమ్లాలను విడివిడిగా కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష కావాలని అడిగి, ఒలియిక్, లినోలియిక్, లినోలెనిక్ మూడు అంకెలూ రాయించుకోండి. ఈసారి ఉత్తరం రాసేటప్పుడు పూత మొదలైన తేదీ పై వరుసలోనే రాయండి.